అమ్మ వీపు మీది చీమలు

వంటింటి గట్టు మీద చీమల చాక్‌పీసుతో గీత గీసినప్పుడల్లా, సున్నం వాసనా మందు వాసనా కలిసిన ఆ ఎండు ఘాటు ముక్కుకు తగలగానే నాకిక ఒకచోట కూర్చోబుద్ధి కాదు. చేతిలో పని వదిలేసి వరండాలోకి వస్తాను, మళ్ళీ లోపలికి వెళతాను, గడియారం చూస్తాను, రోజూ తొమ్మిదింటికి రాసుకునే డైరీ ముందు కూర్చుని పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేస్తాను. ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్ళయింది, రాజమండ్రిలో గోదావరి గాలి తగిలే మేడ మీద వాటాలో ఉంటున్నాం, తొందరపెట్టే పని ఏదీ లేదు. అయినా ఆ వాసన నన్ను లేపి నడిపిస్తుంది. అలా నడిపించి అమలాపురానికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా మండువా ఇంట్లో, తూర్పు వసారా చివరన ఉండే జాడీల గది ముందు నిలబెడుతుంది.

ఆ గదికి కిటికీ లేదు. తలుపు తీస్తే ముందు ఆవఘాటు, దాని వెనక నువ్వులనూనె, ఆ వెనక బెల్లం, పాత చింతపండు, ఎండుకొబ్బరి, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూసినట్టు వాసనలు వచ్చేవి. గోడ వారన నా మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా వరసగా జాడీలు, వాటి మూతుల మీద తెల్లబట్టతో బిగించి కట్టిన వాసెనలు. నాగులచవితికి చిమ్మిలి దంచాలంటే నువ్వులూ బెల్లమూ ఆ గదిలోంచే రావాలి, దీపావళికి పాకుండలు చేయాలంటే కొబ్బరీ యాలకులూ ఆ గదిలోంచే రావాలి. పిల్లలం గడప ఇవతల నిలబడి చేతులు చాపేవాళ్ళం. అమ్మా పిన్నీ కూడా గడప ఇవతలే నిలబడి గిన్నెలు చాపేవారు. నెలకు మూడురోజులు బయట కూర్చునే ఆడవాళ్ళు తాకితే ఊరగాయ బూజు పడుతుందని మా ఇంటి నమ్మకం. అందుకని ముట్లుడిగిన మనిషికే ఆ గది తాళంచెవి దక్కేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది నాన్నగారి తల్లి, మా మామ్మ బొడ్డులో ఉండేది.

నాకు పదేళ్ళు వచ్చిన వేసవిలో ఆ తాళంచెవి అమ్మ చేతికి వచ్చింది. అక్కలిద్దరికీ అప్పటికే పెళ్ళిళ్ళయిపోయాయి, నేను ఆలస్యంగా పుట్టినదాన్ని. అమ్మ బయట కూర్చుని అప్పటికి ఏడాది దాటింది, మామ్మకు మోకాళ్ళు వంగడం మానేశాయి. కొత్త ఆవకాయలు మొదలుపెట్టే రోజు పొద్దున్నే మామ్మ తాళంచెవి తీసి, "ఇహ నీదేనమ్మా, నే వంగలేను," అని అమ్మ చేతిలో పెట్టింది. పదమూడేళ్ళకు కాపురానికి వచ్చిన అమ్మ అన్నేళ్ళ తరవాత మొదటిసారి ఆ గడప దాటింది. దాటేముందు కాళ్ళు రెండుసార్లు కడుక్కుంది.

ఆ వేసవిని నేను ఎప్పుడు తలుచుకున్నా ఎండిన కాలువే ముందు కనిపిస్తుంది. పూడిక తీయడానికి కాలువ కట్టేసేవారు. నడిమధ్య మిగిలిన మడుగుల్లో గుడ్డతో చిన్నచేపలు పట్టి మళ్ళీ వదిలేస్తూ, నెర్రెలిచ్చిన ఒండ్రు మీద తొక్కుడుబిళ్ళ ఆడుతూ, అరికాళ్ళు కాలితే గట్టు మీది కొబ్బరినీడకు పరుగెడుతూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవాళ్ళం. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చాప మీద ఉప్పు ఎండుతూ ఉండేది, రోట్లో ఆవాలు దంచుతున్న చప్పుడు వినిపించేది, టెంకతో సహా నరికిన మామిడిముక్కలను పిన్ని పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తూ ఉండేది. అమ్మ మోచేతి దాకా ఎర్రగా కలుపుతూ, మధ్యమధ్య గది వైపు చూసుకునేది. జాడీ నింపగా బేసినుకు అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపి మా అందరికీ తలా ఒక ముద్ద పెట్టేది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను ఆ వారంలోనే చూశాను.

చీమలు ఆ తరవాత వచ్చాయి. ఒక మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్న అమ్మ మెడ వెనక చెయ్యి వేసి ఛట్‌మని కొట్టుకుంది. "చీమ," అంది. మర్నాడు ముంజేతి మీద, ఆ మర్నాడు పిక్కల మీద. కూర తరుగుతూ లేచి కొంగు దులుపుకునేది. జడ వేస్తూ వేస్తూ నా జుట్టు వదిలేసి భుజాలు రుద్దుకునేది. రోజుకు మూడు రవికలు మార్చేది. బొంతలు, దిండ్లు ఎండలో వేసింది. మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరిచిప్పలు పెట్టింది. గదులన్నీ పసుపునీళ్ళతో కడిగింది. కూర్చుంటే పాకుతాయని నిలబడేది, నిలబడితే పాకుతాయని పెరట్లో నూతికీ గాదెకూ మధ్య తిరిగేది.

"ఇంట్లో ఇన్ని ఒళ్ళుంటే చీమలకి నువ్వొక్కదానివే దొరికావా అక్కా?" అంది పిన్ని ఒకరోజు. పిన్ని బాబాయి భార్య, అప్పటికి ముప్పయ్యేళ్ళ మనిషి, మాట పదును. "గదిలో కూర్చుని బెల్లం తిని మూతి కడుక్కోవట్లేదేంటి?"

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. గది చూసే మనిషి ఒంటి మీద చీమలుంటే జాడీల్లో ఉండవా? పదమూడు మందికి ఏడాది పొడుగునా కావలసిన ఊరగాయ అది. మామ్మ గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, వాసెనలన్నీ విప్పించి, దీపం పెట్టి చూసింది. చీమన్నది లేదు. అప్పుడు మామ్మకు ఇంకో అనుమానం వచ్చింది. లేని చీమల్ని ఉన్నాయంటోందంటే మనిషికి మతి సరిగ్గా లేదేమోనని. మతి సరిగ్గా లేనివాళ్ళకు ఆ గది అప్పగించడమంటే మామ్మ దృష్టిలో చిన్న విషయం కాదు.

"ఒంట్లో బాగాలేకపోతే చెప్పమ్మా. ఇలా వేషాలెందుకు?" అంది మామ్మ వాకిట్లో అందరి ముందూ.

అమ్మ మొహం ఎర్రబడింది. "వేషాలు కాదత్తయ్యగారూ. బుల్లిని పిలవండి. అది ఉన్నదున్నట్టు చెబుతుంది," అంది.

బుల్లి అంటే నేనే. ఉన్నదున్నట్టు చెబుతుందన్న పేరు నాకు ఇంట్లో ఉంది. గట్టు మీది కొబ్బరిచెట్లు ఎన్నో, బడికి అడుగులెన్నో లెక్కపెట్టి చెప్పేదాన్ని. నాన్నగారిచ్చిన గీతల పుస్తకంలో రోజుకు నాలుగు ముక్కలు రాయడం అప్పటికే మొదలుపెట్టాను. పిలవగానే గర్వంగా వచ్చాను. అమ్మ వాకిట్లో ఎండకు వీపు పెట్టి పీట మీద కూర్చుంది, రవిక ముడి విప్పింది. నేను మెడ దగ్గర మొదలుపెట్టి ఒక వరస తరవాత ఒక వరస కిందికి చూసుకుంటూ వచ్చాను. చెమట బొట్లు, రెండు పుట్టుమచ్చలు, రవిక అంచు ఒత్తిన గీత, గోళ్ళతో గీరుకున్న ఎర్రటి చారలు.

"ఇదిగో, ఇప్పుడు పాకుతోంది, చూడు... ఇప్పుడు," అంది అమ్మ.

ఊపిరి బిగపట్టి చూశాను. ఏమీ లేదు.

"ఒక్కటీ లేదు మామ్మా," అన్నాను.

"సరిగ్గా చూశావా బుల్లీ?" అంది అమ్మ, తల తిప్పకుండా.

"చూశానమ్మా. ఒక్క చీమా లేదు."

అమ్మ రవిక ముడి వేసుకుని, "అయితే లేవేమో," అని లేచి, ఎవరూ అడగకముందే బొడ్డులోంచి తాళంచెవి తీసి మామ్మ ఒడిలో పెట్టింది. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే జడ వేసింది. చీమ అన్న మాట ఆ రోజు నుంచి అమ్మ నోట రాలేదు. కాని నూతి వెనక కొబ్బరిచెట్టు మొదలుకు వీపు ఆనించి రుద్దుకోవడం నేను రెండుసార్లు చూశాను. జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలిన రోజున, నురగతో చెత్తతో వచ్చే ఎర్రనీటిని చూడడానికి ఊరంతా గట్టు మీదికి వస్తే, ఆ సందడి తగ్గాక అమ్మ రేవు మెట్లు దిగి, చీరతోనే మెడ దాకా నీళ్ళలోకి వెళ్ళి కదలకుండా నిలబడింది. నేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. రమ్మంటే రాలేదు. మామ్మ తొంభై దాటి బతికింది, ఆఖర్న తాళంచెవి అమ్మను దాటి పిన్ని చేతికి వెళ్ళింది. ఆ తరవాత నాలుగైదేళ్ళకు అమ్మ పోయింది.

నా ఉద్యోగం తణుకు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో. వరిచేలో వెలిగించే దీపపు ఎరకు వచ్చి పళ్ళెంలో పడ్డ పురుగుల్ని పొద్దున్నే జాతివారీగా వేరుచేసి లెక్కపెట్టి రాయాలి. సుడిదోమలు ఇన్ని, కాండంతొలుచు పురుగు రెక్కలపురుగులు ఇన్ని. ముప్పయ్యేళ్ళు అదే చేశాను. తొంభైల చివర, నాకు యాభై నిండబోతుండగా, నెలసరి ఆగింది. ఒళ్ళు ఆవిర్లు వస్తాయని తోటివాళ్ళు చెబితే విన్నాను, వచ్చాయి. నాలుక మంటపుడుతుందనీ, బస్సులో ఊరికే కూర్చుంటే గుండె దడదడలాడుతుందనీ ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం పళ్ళెం ముందు కూర్చుని ఉండగా మోచేతి పైన ఏదో పాకింది. దులుపుకున్నాను. మళ్ళీ పాకింది.

పళ్ళెంలోని పురుగే అనుకుని పొడుగుచేతుల కోటు వేసుకున్నాను. ఇంట్లో మూలమూలలా గమేక్సిన్ పురుగులమందు చల్లాను. పరుపులు ఎండలో వేశాను. డైరీలో గంట, చోటు రాసుకోవడం మొదలుపెట్టాను. ఎడమ ముంజేయి, మెడ, కుడిపిక్క. వారం తిరిగేసరికి నాలుగు పుటలయ్యాయి గాని పురుగు దొరకలేదు. మా ఆయన మంచి మనిషే, ఆయనా విసుగెత్తి, "ఈ ఇంట్లో చీమలకి నువ్వొక్కదానివే దొరికావేంటోయ్?" అన్నారు. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది గాని, ఎక్కడో గుర్తు చేసుకునేంత నిలకడ నాకప్పుడు లేదు.

చివరికి ఆఫీసులో, పాకుతున్న చోట సెల్లోటేపు అతికించి ఊడబీకి, మైక్రోస్కోపు కింద పెట్టాను. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక, పక్క సీటు సరోజినిని పిలిచాను.

"పురుగేదన్నా ఉందేమో చూడండి."

ఆవిడ ఇరవయ్యేళ్ళుగా నాతో పాటే పురుగులు లెక్కపెట్టిన మనిషి. అటూ ఇటూ జరిపి శ్రద్ధగా చూసింది. "ఒక్కటీ లేదండీ. వట్టి నూగు," అంది.

నేను కుర్చీలోంచి లేచాను. బయటికి వెళ్ళి, ఆ పొలంగట్టు మీద ఎంతసేపు తిరిగానో తెలియదు. వాకిట్లో ఎండ, పీట, రెండు పుట్టుమచ్చలు. నలభయ్యేళ్ళ కిందట నేనన్న మాటే నాకు తిరిగి వినిపించింది.

తణుకులో చూపించుకున్న డాక్టరమ్మ నా నాలుగు పుటలూ ఓపిగ్గా చదివి, "నెలసరి ఆగి ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగింది. చెప్పాను. "చర్మం ఎండిపోతుంది, నరాలు తిక్కతిక్కగా కబుర్లు పంపుతాయి. చీమలు లేవండీ, కాని పాకడం నిజమే. చాలామందికి ఉంటుంది, పిచ్చనుకుంటారని చెప్పరు," అంది. కొబ్బరినూనె, చన్నీళ్ళు, మెత్తటి నూలుబట్టలు, ఏవో మాత్రలు రాసింది. పాకడం నిజమే అన్న ఆ ఒక్క మాటకు నాకు అక్కడే కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి నా కోసం కాదు.

ఆ ఆదివారమే మా ఊరు వెళ్ళాను. పిన్ని కొడుకూ కోడలూ మనవలతో అదే ఇంట్లో ఉండేది, డెబ్బై దగ్గరపడినా మాట పదును తగ్గలేదు. వసారాలో దొండకాయలు తరుగుతూ, "ఏమే ఉద్యోగస్తురాలా, ఇలా వాడిపోయావేంటే? ఆ పురుగులు నిన్ను తింటున్నాయా?" అంది.

"పిన్నీ, నా ఒంటి మీద చీమలు పాకుతున్నాయి," అన్నాను.

కత్తిపీట మీద పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"నీకూనా?"

"నీకు ఎప్పుడు?" అన్నాను.

"తాళంచెవి ఇచ్చిన ఏడాదే. రెండేళ్ళు పాకాయి. మీ బాబాయికి కూడా చెప్పలేదు."

"ఎందుకు?"

"చెబితే ఏమయిందో చూశాంగా. ఎవరో ఒకర్ని పిలిచి నా వీపూ చూపించేవారు." ఆ మాట అన్నాక నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "మీ అమ్మకొక్కదానికే చెప్పాను. ఎన్నెన్ని మాటలన్నానో ఆవిణ్ణి, నన్ను గుమ్మంలోనే నిలబెట్టేస్తుందనుకున్నా. మీ అమ్మ చీమలున్నాయా లేవా అని చూడనేలేదే బుల్లీ. ఎక్కడో చెప్పు అంది. నేను చెబుతుంటే తడిగుడ్డ పెట్టి, నూనె రాసింది. రెండేళ్ళూ రాసింది. ఒక్కరితో అనలేదు."

పిన్ని కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇటు తిరుగు. ఎక్కడో చెప్పు," అంది.

ఏడాదిన్నరకు నా చీమలు వాటంతటవే తగ్గాయి. పిన్ని పోయింది. ఆ మండువా ఇల్లు పడగొట్టి డాబా కట్టారు, జాడీల గది ఉన్నచోట ఇప్పుడు స్నానాల గది ఉంది. ఊరగాయ సీసాల్లో వస్తోంది, కలిపినవాళ్ళు ఏ వయసువాళ్ళో ఎవరూ అడగరు, అడగకపోవడమే మంచిది. ఆదివారం పేపర్లో ఈ వయసు బాధల గురించి డాక్టర్లు రాస్తున్నారు, అదీ మంచిదే, ఒక్కటీ వదలకుండా చదువుతాను. చదివి, మడతపెట్టి, లేచి మళ్ళీ వరండాలో తిరుగుతాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. అమ్మ వీపంతా వరసవరసగా చూశాను, ఒక్క అంగుళం వదల్లేదు. ఎక్కడమ్మా అని మాత్రం అడగలేదు.