అక్కకు బద్లీ

విశ్రాంతి ఎంత అవసరమో చెబుతూ చెబుతూనే మా అక్క కింద పడిపోయింది. సూరత్ శివార్లలోని ఉన్‌లో మరమగ్గాల కార్మికుల కోసం మేం పెట్టిన ఆరోగ్య శిబిరం అది. "పన్నెండు గంటలు మిషన్ కాడ నిలవడ్డంక పానానికి జర ఆరామ్ ఇయ్యాలె గద..." అంటూనే బల్ల మీదికి ఒరిగి, బీపీ మిషన్‌తో సహా నేలకు చేరింది. (స్పృహ వచ్చాక మొదట అడిగింది మిషన్ పగిలిందా అని.) ఆ రోజు శిబిరం రిజిస్టరులో మొదటి రోగి ఆమే. వారం రోజులు మంచం దిగొద్దనీ, దిగితే ఈసారి పడేది ఆసుపత్రిలోనేననీ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మర్నాడు భేస్తాన్‌లోని మా ఆఫీసుకు నేను వెళ్ళేసరికి, ఆమె నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది.

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేయడానికి ఒక మంచి నివేదిక చాలని నా గట్టి నమ్మకం. దినపత్రికలో రెండేళ్ళు పనిచేసి, రాసింది చాలు, ఇక ఏదైనా చేద్దామని ఆ సేవాసంస్థలో చేరాను. సంస్థ అంటే అక్కే. సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గం కార్మికుడి కూతురు, సూరత్‌లోనే పెరిగింది. మాకు అక్క, గుజరాతీవాళ్ళకు బెన్. ఆమె చేత సెలవు పెట్టించి తీరాలని పంతం పట్టి, మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మాని 'సిబ్బంది సంక్షేమ ప్రణాళిక' రాశాను. (నాయకత్వంలో ఉన్నవారు వేళకు తినాలన్నది అందులో మొదటి సూత్రం.) అక్క దాన్ని చదవకుండానే సంతకం పెట్టి, "మంచిగ రాసినవ్ తమ్మీ, గోడకు అంటియ్యి" అని బయటికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు ఆఫీసుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆమె మెట్ల మీదే కూర్చుని సంచీలోంచి రిజిస్టరు తీసింది. క్షణాల్లో రోగుల వరస వీధిలోని పాన్ డబ్బా దాకా పెరిగింది. నిలబడడానికి వేరే చోటు లేక నేనూ ఆ వరసలోనే నిలబడ్డాను.

ఇదంతా చూసి నవ్వినవాడు మామ. ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో పనిచేసి, చెవులు మందగించాక మా దగ్గర రోగుల బరువు తూచే పనిలో చేరాడు. తనకు సరిగా వినబడదు కాబట్టి ఏ మాటైనా వీధంతటికీ చెప్పేవాడు.

"ఏంది సార్, గిట్ల తాళమేస్తె ఆగుతదా అక్క? బద్లీని చూపెట్టుమనుండ్రి. బద్లీ లేంది మా సేఠ్ చుట్టీ ఇస్తడా?"

మగ్గాల కార్ఖానాల్లో రివాజు అది. సెలవు కావలసినవాడు తన బదులు పనిచేసే మనిషిని తానే వెతికి తేవాలి. ఆ మనిషే బద్లీ. ఒకసారి మగ్గం అప్పజెప్పాక, సెలవు తీరేదాకా పాతవాడు దాని మీద చేయి వేయకూడదు.

అక్క పెన్ను ఆగిపోయింది. "నాకు బద్లీ ఎవడున్నడు మామా?" అంది. ఎప్పుడూ గొప్పగా అనే మాటే. ఆ రోజు మాత్రం గొంతు చిన్నదైపోయింది.

"నేనున్నానక్కా" అన్నాను.

"నువ్వా? మనుషులతోని మాట్లాడుమంటె కాయితం రాస్తవు!"

"నేర్సుకుంటడు తియ్యి. మిషన్ అప్పజెప్పినవ్, ఇగ ముట్టద్దు" అంటూ మామ రిజిస్టరు లాక్కుని నా చేతిలో పెట్టాడు.

ఆ వారం అక్క నిజంగానే ఇంట్లో ఉంది. (మామ భార్య గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుంది.) నాకు మొదటి ఫోను ఉదయం ఆరింటికి వచ్చింది. జోల్వాలో మగ్గంలో చేయి నలిగిన కార్మికుడికి ఆసుపత్రి కాగితం కావాలి, కౌంటరులో ఆవిడేమో బెన్‌తో తప్ప మాట్లాడనంటుంది. ఉన్‌లో ఒకతను అక్క తిడితే తప్ప మందులు వేసుకోడు. సరేనని నేనే ఫోనులో తిట్టాను. "గింత మర్యాదగ తిడితె ఎట్ల సార్? అక్కకియ్యుండ్రి" అన్నాడతను. మూడో రోజుకు భోజనం సంగతి మరిచిపోయాను. ఐదో రోజు, గోడకు అంటించిన నా ప్రణాళికకే తల ఆనించి నిద్రపోయాను. ఏడో రోజు మామ నా చేతికి బీపీ పట్టీ చుట్టి, అంకె చూసి, వీధంతటికీ ప్రకటించాడు: "అక్కది గూడ గింతనే ఉండె! సార్, ఇగ మీకు బద్లీ కావాలె!"

ఎనిమిదో రోజు అక్క వచ్చి నా మొహం చూసి పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "నేనెట్లున్ననో గిప్పుడు కనవడ్డది తమ్మీ" అంది. ఆ ఉదయమే పనిని పంచుకున్నాం. ఆసుపత్రి ఒకరికి, ఫోన్లు వంతులవారీగా, తిట్టడం పూర్తిగా మామకు. హాజరు పుస్తకంలో ప్రతి పేరు పక్కనా అక్క బద్లీ అని ఒక గడి గీసింది. ఏటా వారం రోజులు అందరూ సెలవు పెట్టి తీరాలంది. తన పేరు పక్కన నా పేరు రాసుకుంది. అప్పటినుంచి ఆమె ఒక్క ఏడాదీ ఆ వారం సెలవు వదల్లేదు.

ఇప్పుడు అక్క జోల్వాలో కొత్త కేంద్రం నడుపుతోంది. ఇక్కడ ఆమె కుర్చీలో నేనున్నాను. కిందటి నెల డాక్టరుగారు నన్ను పది రోజులు పడుకోమన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి మూడు పేజీల ప్రణాళిక రాసి తెస్తే, చదవకుండానే సంతకం పెట్టి గోడకు అంటించమన్నాను. ఆ అమ్మాయి కదల్లేదు.

"పహలే బద్లీ కా నామ్ లిఖో నా సార్, ముందుగాల బద్లీ పేరు రాయుండ్రి. నేనున్న గద."

"నువ్వా?" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది.

హాజరు పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి నా ముందు పెట్టి వెళ్ళింది. అది మొన్న సోమవారం. నా పేరు పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది.