మా వదిన చేటలోని భుజం ఎముకలు

మా వదిన పోయి తొమ్మిది రోజులైంది. సోమవారం పొద్దున గంజి తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లాగే పోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఏడ్చి వినిపించడానికి కాదు. రేపు వదిన కూతురిని, నా మేనకోడలిని, ఫారెస్టు ఆఫీసుకు రమ్మన్నారు. అది ఎందుకో తెలియాలంటే మా వదిన ఎవరో మీకు తెలియాలి.

విరిగిన ఎముకలు కట్టేది మా వదిన. మణుగూరు కాలనీల నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్లు. ఊళ్లో ఎవరు మేకను కోసినా ముందుకాలు ఆమె వాటా. కూర అందరికీ పెట్టి, ఎముకను ఉడకబెట్టి, బూడిదతో తోమి దాచుకునేది. మేకది, ఎద్దుది, కోడిది చేటలో పరిచి, నన్ను కళ్లు మూసుకుని తడమమనేది. నేను కళ్లు తెరిస్తే చేతి మీద కొట్టేది.

భుజం పలక అన్నిటికీ ఉంది. మేకకు, ఎద్దుకు మాత్రం మెడ కింద అడ్డ ఎముక లేదు, పలక కండలోనే వేలాడుతుంది. కోడికి అడ్డ ఎముకలు రెండూ అతుక్కుని చీలిన పుల్లలా ఉంటాయి. మనిషికి విడివిడిగా రెండు. ఎందుకట్లా అని అడిగాను.

“మేకకు దుంకేదుంది గని పట్టుకునేదేముంది పిల్లా? చెయ్యి చాపెటోళ్లకే గీ అడ్డం బొక్క. గందుకే ముందుగాల గదే ఇరుగుతది.”

నాకూ అదే విరిగింది, ఇప్పపువ్వు ఏరబోయి చెయ్యి ఆనించి పడితే. వదిన కట్టిన కట్టును రెండో వారంలోనే విప్పి బిందె ఎత్తాను. ఎముక అతికింది కానీ ముడి పడింది. అదే ఏడు నా మేక బండ మీద నుంచి పడి పలక విరగ్గొట్టుకుంటే, దానికీ వెదురు బద్దలు కట్టింది. అది మూడో రోజే తెంపుకుంది.

“నీకూ నీ మేకకూ కుదురు లేదు,” అని ఇద్దరినీ కలిపి తిట్టింది.

పోయిన మనిషి పనిముట్లు కడిగి ఆరబెట్టాలని, ఐదో రోజున మేనకోడలు ఆ ఎముకలు వాకిట్లో పరిచింది. దారిన పోయే ఫారెస్టు సారు ఆగి, ఒక పలకను చూసి దుప్పిది అన్నాడు. అన్నీ సంచిలో వేసుకుని పోయాడు. దుప్పి అంటే కేసు, జైలు. ఆ పిల్ల అప్పటి నుంచి అన్నం ముట్టడం లేదు.

మరునాడే ఆఫీసుకు పోయాను. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తడిమి పేరు చెప్పాను. ఆ పలక దగ్గర నా వేలు ఆగింది. ముడి. నా మేకే; దాన్ని కోసిన నాడు ఆ ముందుకాలూ వదిన వాటాకే పోయింది.

“దుప్పికి కట్టు కట్టేటోళ్లు ఎవలు సారూ?” అన్నాను.

“అడవిల గూడ బొక్కలు వాటంతటవే అతుకుతయి అవ్వా. అంచుకెళ్లి చిన్న ముక్క పరీక్షకు పంపినం, సూద్దాం,” అన్నాడు.

పరీక్ష చేసేవాళ్లు మా వదినను ఎరగరు. రేపు ఆ పిల్ల పక్కన నేనూ కూర్చుంటాను. ఎవరైనా ఆడమనిషిని పిలిచి, ముందు ఆ పలకను, తర్వాత నా మెడ కింద తడిమి చూడమంటాను. ఇది చెబుతున్నంత సేపూ నా చెయ్యి అక్కడే ఉంది. ఆ పలక మీద ఉన్నట్టే, రేగు గింజంత ముడి, కొంచెం ఎడమకు ఒరిగి.