ఎలోయిసా పిన్ని కాలేజీ రూటు

కాలేజీ కరపత్రాల మీద నవ్వే మనుషుల్లో మా ఊరివాళ్లు ఒక్కరూ ఉండరు. అంత తెల్లటి పళ్లు న్యూ మెక్సికో తూర్పు అంచున, ఈ దుమ్ములో, నేను చూడలేదు. ఆ కాలేజీలో నేను ఒక్క సెమిస్టరు కూర్చుని లేచి వచ్చేశాను. ఇప్పుడు స్కూలు బస్సుల డిపోలో మెకానిక్కుని. లైబ్రరీ పుస్తకాలతో నాకు నేనే చదువు చెప్పుకుంటున్నాను. అందుకే మా అమ్మ చెల్లెలు ఎలోయిసా పిన్ని నలభై మూడేళ్ల వయసులో అదే కరపత్రం తెచ్చి నా పనిముట్ల పెట్టె మీద పెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది.

"క్రిమినల్ జస్టిస్," అంది పిన్ని. "రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు యూనివర్సిటీలో. ఆ తర్వాత ప్రొబేషన్ ఆఫీసర్ని."

"ఈ వయసులో పోలీసు వేషమేంటి పిన్నీ?"

"పోలీసు కాదురా మొద్దూ. కోర్టుకెక్కిన పిల్లల్ని లోపల వెయ్యకుండా, బయటే ఉంచి కనిపెట్టుకుని ఉంటారే, వాళ్లు."

పిన్ని పదకొండేళ్లుగా తొమ్మిదో రూటు బస్సు నడుపుతోంది. కిందటి చలికాలం ఆమె బస్సు ఎక్కాల్సిన ఒక పిల్లను స్టాపు దగ్గరే పోలీసులు పట్టుకెళ్లారు. వారం తర్వాత తిరిగొచ్చిన ఆ పిల్ల డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, "ఏం చేశావని అందరూ అడిగారు మిస్, తిన్నావా అని ఒక్కళ్లూ అడగలేదు" అందట. ఆ మాట పిన్ని మనసులో ముల్లులా ఉండిపోయింది.

పిన్నికి ప్రణాళిక అంటే రూటు షీటే. డిపోలో పాత షీటు ఒకటి తీసి, స్టాపుల పేర్లు ఉండాల్సినచోట సబ్జెక్టుల పేర్లు రాసింది. యూనివర్సిటీవాళ్లు లెక్కలోకి తీసుకోని కోర్సులేవో కాలేజీ ఆఫీసులో గంటసేపు కూర్చుని అడిగి తెలుసుకుని, వాటి మీద అడ్డగీత కొట్టింది.

"ఈ స్టాపుల్లో ఎవరూ ఎక్కరు. ఆగడం దండగ," అంది.

చిక్కంతా మొదటి స్టాపు దగ్గరే వచ్చింది. పరిచయ పాఠం పూర్తిచేస్తే గాని మిగతావి ఇవ్వరు. దాన్ని ఏడాదికొక్కసారే పెడతారు; మంగళ, గురువారాల్లో, మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి ముగుస్తుంది. పిన్ని రెండూ పదిహేనుకల్లా డిపోలో ఉండి బస్సు తనిఖీ మొదలుపెట్టాలి. మధ్యలో ఇరవై ఆరు మైళ్లు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నలభై మూడేళ్ల మనిషికి ఏడాదంటే మాటలా?

బడులు తెరిచే ముందు మా డ్రైవర్లందరూ ఖాళీ బస్సుతో రూటు మొత్తం ఒకసారి తిరిగి టైము చూసుకుంటారు. పిన్ని కాలేజీకి కూడా అదే చేస్తానంది. ఆగస్టులో ఒక మంగళవారం సరిగ్గా ఒంటిగంటా యాభైకి కాలేజీ గుమ్మంలోంచి బయటికొచ్చి తన పాత కారెక్కింది. నేను గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

సగం దారిలో రైలు పట్టాలు. రైలు లేదు. అయినా పిన్ని కారు ఆపి, తలుపు తీసి, చెవి బయటికి పెట్టింది. పిల్లలున్నా లేకపోయినా బస్సు డ్రైవర్లు పట్టాల ముందు చెయ్యాల్సిన పని అది.

"పిన్నీ, ఇది కారు."

"చెయ్యి దానంతటదే తీసేసిందిరా."

వెనక నీలం, ఎరుపు దీపాలు వెలిగాయి. మీసాలాయన, మా కౌంటీ షెరీఫు కింద పనిచేసే పోలీసు, నింపాదిగా నడిచొచ్చాడు.

"కారు చెడిందా మేడమ్?"

"లేదండీ."

"మరి నడిరోడ్డు మీద తలుపు తీసుకుని కూర్చున్నారేం?"

"వింటున్నానండీ."

"ఏం వింటున్నారు?"

"రైలు."

ఆయన పట్టాల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఈ అబ్బాయెవరు?"

"మా అక్క కొడుకు. టైము చూస్తున్నాడు."

"ఏమన్నా తాగారా?"

"బరీటో తిన్నాను, పచ్చిమిరపకాయలది."

నేనిక ఆపుకోలేకపోయాను. నా నవ్వు చూసి పిన్నీ నవ్వింది. నవ్వుతూనే మొత్తం ప్లానంతా చెప్పి రూటు షీటు ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి టోపీ వెనక్కి తోసుకున్నాడు. మా కౌంటీలో మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. ఒక్కొక్కరు మూడు ఉద్యోగాలు చేస్తారు.

"ఈ పరిచయ పాఠం చెప్పేది నేనేనండీ. నా పేరు క్రిస్పిన్ బాకా. దానికింత అవస్థ ఎందుకు? ఇరవై నిమిషాలు ముందే లేచి వెళ్లండి, హాజరు నేను వేస్తాను."

పిన్ని నవ్వు ఆగింది. "దొంగ హాజరుతో మొదలుపెట్టి, రేపు ఆ పిల్లలకి ఏ మొహంతో బుద్ధులు చెప్పనండీ?"

బాకా చెవులు ఎర్రబడ్డాయి. "మొదటి మార్కు మీకే వేశాను, వెళ్లండి," అన్నాడు.

డిపో చేరేసరికి నలభై నిమిషాలు. ఆయన ఆపిన తొమ్మిది తీసేసినా ముప్పై ఒకటి. మాకున్నవి ఇరవై ఐదు. పిన్ని షీటు మడిచి జేబులో పెట్టుకుంది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మాలాంటివాళ్ల గురించి ఒక చేదు వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

శుక్రవారం రూట్లు ఎంచుకునే రోజు. బోర్డు మీద అన్ని రూట్లూ రాస్తారు; సర్వీసు ఎక్కువున్నవాళ్లు ముందు కోరుకుంటారు. పిన్నిది రెండో స్థానం. తొమ్మిదో రూటంటే అందరికీ ఆశ: మంచి రోడ్డు, మంచి పిల్లలు, క్రిస్మస్‌కి ఇంటింటా తమాలేలనే పిండివంట. నాలుగో రూటు ఎవరికీ వద్దు. అది మిగతా బడులనుంచి గెంటేసిన పిల్లల బడికి వెళ్తుంది. కిందటేడు ముగ్గురు డ్రైవర్లు దాన్ని వదిలి పారిపోయారు. కాకపోతే మధ్యాహ్నం అది గంట ఆలస్యంగా బయలుదేరుతుంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఎలోయిసా, తొమ్మిదేగా?" అంటూ మా సూపర్‌వైజరు నొరీన్ అప్పుడే రాయబోయింది.

"నాలుగు."

"కళ్లద్దాలు పెట్టుకో తల్లీ. అది నాలుగు."

"నాలుగే నొరీన్."

తొమ్మిదో రూటు కోసం ఆరేళ్లుగా కాచుకున్న ముసలి వెండెల్ టోపీ తీసి లేచాడు.

"కల కాదుగదా? ఎవరన్నా గిల్లండర్రా!"

ముగ్గురు గిల్లారు. అతని కేకకి డిపో అంతా ఘొల్లున నవ్వింది. ఆ సాయంత్రం పిన్ని తన తొమ్మిదో రూటు బస్సులో పిల్లలు అంటించిన పేర్ల చీటీలు గోటితో గీకి తీస్తుంటే సాయం వస్తానన్నాను. వద్దంది. నేను పక్కకు తప్పుకున్నాను.

క్లాసులు మొదలైన మంగళవారం పిన్ని ఒంటిగంటా యాభై దాకా, చివరి మాట వరకూ కూర్చుంది. మూడున్నరకల్లా నాలుగో బస్సుతో ఆ బడి ముందు ఉంది. బ్రేకు కొత్తగా బిగించింది నేనే కాబట్టి చూసుకోడానికి నేనూ ఎక్కాను. గంట కొట్టడానికి ఇంకా టైముంది. పిన్ని స్టీరింగు మీద పుస్తకం తెరిచి పెదాలు కదుపుతూ చదువుకుంటోంది.

పిల్లలు వచ్చారు. ముందు ఎక్కిన పొడుగాటి పిల్ల, పదహారేళ్లుంటాయి, మెడ సాచి చూసింది.

"ఏంటది మిస్?"

"నా పాఠం. ప్రొబేషన్ ఆఫీసరు పిల్లల్ని మొదటిసారి కలిసినప్పుడు షరతులన్నీ చదివి వినిపించాలట."

"తప్పు!" అంది ఆ పిల్ల. వెనక్కి తిరిగి, "ఒరేయ్ వినండ్రా, ఈ పుస్తకం చూడండి!"

ఆరుగురు డ్రైవరు సీటు చుట్టూ మూగారు.

"మొదట మంచినీళ్లివ్వాలి మిస్."

"మా అమ్మ ముందు తిట్టకూడదు."

"మా ఆఫీసరైతే నా పేరే తప్పు పలికాడు, నాలుగు నెలలు!"

"ఆగండర్రా, ఒక్కొక్కళ్లు చెప్పండి," అంటూ పిన్ని చెవి మీదనుంచి పెన్సిలు తీసి పుస్తకం అంచున రాయడం మొదలుపెట్టింది. ఆమె మొహం చూస్తుంటే నాకు, నా ఇష్టం లేకుండానే, నవ్వొస్తోంది.

బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. పొడుగాటి పిల్ల దిగేటప్పుడు మెట్టు మీద ఆగింది.

"రేపు మీకు పరీక్ష పెడతాం మిస్."

"రేపొద్దు," అంది పిన్ని, "గురువారం పెట్టండి. అప్పటికి ఇంకో పాఠం అవుతుంది."