సారుకు ఈత నేర్పిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరు టేకులపల్లి దాటి అడవిలోకి వెళ్లే దారిలో ఉండేది. బడి మాత్రం వాగుకు అవతల ఉండేది. ఒక వానాకాలం రెండో తరగతి పిల్లవాడు వాగు దాటుతూ కొట్టుకుపోబోయాడు. పశువులు కాసే మనిషొకడు జుట్టు పట్టి లాగబట్టి బతికాడు. ఆ వారంలోనే సగం బడి ఖాళీ అయింది. బడి మొత్తానికి మాకు ఒక్కరే సారు. వానలు తగ్గి వాగు నెమ్మదించాక ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఇకమీదట శనివారం మధ్యాహ్నం పాఠాలు ఉండవు, పిల్లలందరికీ ఈత నేర్పాలి.

చిక్కల్లా ఏమిటంటే సారుకే ఈత రాదు. ముదిగొండ వైపు పొలాల ఊళ్లో పుట్టిన మనిషి, మోకాలి లోతుకు మించి నీళ్లలో దిగి ఎరగరు. ఈత ఎవరికి వచ్చని అడిగితే నేను చెయ్యెత్తాను. ఆ బడిలో నేను చెయ్యెత్తడం అదే మొదటిసారి. ఐదో తరగతికి వచ్చినా భాగహారం నా తలకెక్కలేదు. ఈసారి తప్పితే బడి మాన్పించి, తనతో పాటు తునికాకు కోతకు తీసుకుపోతానని మా అమ్మ తేల్చి చెప్పేసింది. సారేమో నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, "గింత సులువైంది నీకెందుకు రాదే?" అనేవారు. ఎందుకు రాదో నాకు మాత్రం ఏం తెలుసు? తెలిస్తే వచ్చేది కదా.

పిల్లల్ని దింపేముందు తాను నేర్చుకోవాలని సారు లుంగీ ఎగ్గట్టి, బనీనుతో నడుము లోతు మడుగులోకి దిగారు. ఒడ్డున పిల్లలు ఒకటే నవ్వు. నేను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈది, ఇంతే సారూ అన్నాను. ఆయన చేతులు చాచి ముందుకు పడ్డారు, మునిగారు, దగ్గుతూ లేచారు. మళ్లీ చూపించాను, మళ్లీ మునిగారు. నాలుగోసారికి నాకు విసుగు పుట్టింది. "గింత సులువైంది మీకెందుకు రాదు సారూ?" అన్నాను.

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఒడ్డున నవ్వులు ఆగిపోయాయి. సారు మొహం తుడుచుకుని నా వైపు తిరిగారు. తర్వాత నెమ్మదిగా, "నీ కాళ్లు పైకి ఎట్ల తేలుతున్నయ్? నావెందుకు కిందికి పోతున్నయ్?" అని అడిగారు.

నాకు తెలియదు. ఈత ఎలా వచ్చిందో నేనెన్నడూ ఆలోచించలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈదుతూ నన్ను నేనే చూసుకున్నాను. సాయంత్రం ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తుంటే, గాలి సోకిందేమోనని మా అమ్మ నుదురు పట్టి చూసింది. మరుసటి శనివారం సారు ఎలా పడుతున్నారో వంగి మరీ గమనించాను. ముక్కులోకి నీళ్లు పోతాయన్న భయంతో ఆయన తల పైకెత్తుతున్నారు. నేనూ తల ఎత్తి చూశాను. నా కాళ్లూ దిగిపోయాయి! అది కనిపెట్టినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

"తల ఎత్తొద్దు సారూ. ఊపిరి బిగపట్టి, మొకం నీళ్లల్ల పెట్టి పండుకోండ్రి, నేను పట్టుకుంట" అని ఆయన పొట్ట కింద చెయ్యి పెట్టాను. తేలారు. మెల్లగా చెయ్యి తీసేశాను. అయినా తేలుతూనే ఉన్నారు.

సోమవారం సారు నన్ను బోర్డు దగ్గరికి పిలవలేదు. తానే వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. పలక మీద ఒక భాగహారం వేసిచ్చి, చెయ్యమని చెప్పి, నా చేతినే చూడసాగారు. నేను మొదలుపెట్టీ పెట్టగానే ఆగమన్నారు. కూడికలూ తీసివేతలూ కుడివైపు నుంచి చేస్తాం కదా, ఇదీ అంతేననుకుని నేను చివరి అంకె నుంచి భాగించడం మొదలుపెట్టేదాన్ని. రెండేళ్లుగా సారు నా జవాబు చూసి కొట్టేస్తున్నారే తప్ప, నేను ఎక్కడ మొదలుపెడుతున్నానో చూడలేదు.

"తప్పు నాదేనమ్మా. నేనెన్నడు అడగలే" అన్నారు. ఒక పెద్ద మనిషి, అందులోనూ సారు, ఒక పిల్లతో అలా అనడం నేను అప్పటిదాకా వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

వాగు ఎండేలోపు బడిలో అందరూ ఈత నేర్చుకున్నారు. సారు కూడా, చూడ్డానికి అందంగా ఉండేది కాదు గానీ, మడుగు దాటేవారు. నేను ఐదు పాసయ్యాను. మా అమ్మ మారుమాట లేకుండా నన్ను హాస్టల్‌కు పంపింది.

తర్వాత నేనూ టీచరునయ్యాను, రిటైరూ అయ్యాను. విసుగొచ్చి పిల్లల్ని కసురుకున్న రోజులు నాకూ ఉన్నాయి, లేవంటే అబద్ధం. అలాంటి రోజు ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. ఇప్పుడు పక్కింటి పిల్ల లెక్క రావడం లేదని కళ్లనీళ్లతో పుస్తకం పట్టుకొస్తుంది. నేను జవాబు వైపు చూడను. దాని పక్కన కూర్చుని, పెన్సిలు మొదట ఎక్కడ ఆనుతుందో చూస్తాను.