బూడిదతో తోమిన అద్దం

"ఏమే, మస్తాన్ వచ్చాడా?"

"రాలేదయ్యా."

"ఎట్టా వస్తాడులే. బస్టాండులో అందరి ముందూ దొంగా అన్నాగా."

మంచాన పడ్డ మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలివి. మర్నాడు ఆయన లేడు. ఆయన అలా అన్నప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. మస్తాన్ దొంగ కాదు. ఈ ఒక్క మాట ఏళ్ళ తరబడి మోసి అలిసిపోయాను. నాకు సంతకం వరకే వచ్చు. మా తోడికోడలి కూతురు కోటేశ్వరి రాస్తోంది.

మాది వినుకొండలో ఫోటో స్టూడియో. నరసరావుపేటలో కెమెరా సామాను అమ్మే మస్తాన్ మా ఆయనకు తమ్ముడి కంటే ఎక్కువ. లెన్సుకు తొడిగే ఫిల్టరు, పూత వేసిన రకం, మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చాడు. దాంతో పెట్రోమాక్సు దీపం ఎదురుగా ఉన్నా పెళ్ళికూతురి ముక్కుపుడక రాయి దాకా తేటగా వచ్చేది.

ఒకరోజు ఆయన దాన్ని విప్పి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. వెలుతురుకు పట్టి చూశాను. అద్దం మీద ఊదా, ఆకుపచ్చ జిడ్డు. నా కొబ్బరినూనె చెయ్యే తగిలిందనుకున్నాను. గుడ్డకు బూడిద అద్ది, లాంతరు చిమ్నీ తోమినట్టు తోమాను. రంగు పోయేకొద్దీ ఎంత సంబరపడ్డానో!

ఆ తర్వాత రొంపిచెర్ల పెళ్ళిలో ముఖాలన్నీ మంచు పట్టినట్టు వచ్చాయి. పెళ్ళివారు ఇంటిమీదికొచ్చి తిట్టారు. ఆయన ఫిల్టరు తిప్పి చూసి, "పూత ఊడింది, నకిలీ సరుకు అంటగట్టాడు" అన్నాడు. నేను తోమేసింది జిడ్డు కాదు, ఆ పూతేనని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. అయినా మస్తాన్‌ను నిలదీయడానికి ఆయన నరసరావుపేట బస్సెక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదు? కొడతాడనా? ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు. నా శుభ్రతను పదిమందిలో మెచ్చుకునేవాడు, ఆ మెప్పు పోతుందని. అంతేనా? అంతే. అంత చిన్నదానికి ఒక మనిషి పరువు తీయించాను. అప్పట్నుంచీ పూత ఫిల్టరు కొనొచ్చా అని ఎవరడిగినా ఆయన, "దండగ, వట్టి గాజే చాలు" అనేవాడు. నేను వంటింట్లో పొయ్యి ఊదుకునేదాన్ని.

మిమ్మల్ని ఎవరైనా అడిగితే కొనమనండి. మంచి సరుకే. తోమొద్దని మాత్రం చెప్పండి.

క్షమించమనను. అడగాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండో మనిషి గడప నేనింకా తొక్కలేదు. కానీ నోటితో అనేశాను. ఇవాళ అన్నం సయిస్తుందనిపిస్తోంది.

ఏదీ, కోటేశ్వరీ, మొదట్నుంచీ చదువు. మస్తాన్ దొంగ కాదన్న చోట గట్టిగా చదవ్వే, విననీ.