ముడి కింద

సెమరాంగ్ నగరంలో మా సందు చివరి ఇంట్లో ఒకప్పుడు ఐదుగురు ఆడవాళ్ళు ఉండేవారు. అందరూ వొనోగిరి వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. అందరూ జాము అనే మూలికల రసాలు అమ్మేవాళ్ళే. తెల్లవారకముందే పసుపు–చింతపండు రసం, బియ్యం–కచ్చోరాల రసం, తిప్పతీగ కషాయం కాచి, సీసాల్లో నింపి, బుట్టలు వీపున కట్టుకుని తలా ఒక దారిన పోయేవారు. బుట్టను మోసే బట్ట కుడిభుజం మీదుగా వచ్చి ఎడమ రొమ్ము పైన ముడి పడుతుంది. ఆ ముడి ఒకరికొకరు వేసుకునేవారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవారు.

ఒక్కొక్కరే ఊళ్ళకు వెళ్ళిపోగా కసియెమ్ మిగిలింది. సందులో అందరూ ఆమెను ‘యూ’ అని, అంటే అక్కా అని, పిలుస్తారు. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. వంటింటి గోడకు ఐదు పొయ్యిల మసి ఇంకా ఉంది. వెలిగేది ఒక్కటే.

ఒకరోజు స్నానం చేస్తుంటే, ముడి పడే చోట చింతగింజంత గట్టిగా చేతికి తగిలింది. ముప్ఫయ్యేళ్ళుగా ముడి ఒత్తుకున్న చోటు. అరచేతిలో కాసినట్టే అక్కడా కాయ కాసిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు? మర్నాటి నుంచి బట్టను ఎడమభుజానికి మార్చి, ముడిని కుడివైపుకు తెచ్చుకుంది. ఒక సెలపన్, అంటే ముప్ఫయ్యయిదు రోజులు, గడువు పెట్టుకుంది. ఈలోగా అది కరగాలి.

“ఏంటి యూ, బుట్ట అటు తిరిగింది? కొత్త మొగుడు ఆ పక్కనున్నాడా?” అంది టోఫూ వేయించే పర్తినా.

“ఉంటే బుట్ట వాడి నెత్తినే పెట్టేదాన్ని.”

నేనూ చూశాను. అలవాటు లేని భుజంతో ఆమె తూలుతూ నడవడం, సీసా వంచితే ఒలికిపోవడం. ఏమీ అడగలేదు. నా వంతు రసం తాగి గ్లాసు ఇచ్చేశాను.

అడిగింది ఆరోగ్యకేంద్రం నర్సమ్మ వెనింగ్. అప్పటికి పన్నెండో రోజు, కేంద్రం గుమ్మం ముందు.

“భుజమెందుకు మార్చావు యూ?”

“పాత చోట కాయ కాసింది నర్సమ్మా. మెత్తబడుతుందని.”

“నొప్పి ఉందా?”

“అస్సల్లేదు. అదే నయం.”

“అదే నాకు బాగాలేదు. నొప్పుంటే నువ్వే పరిగెత్తుకొచ్చేదానివి. బుట్ట దింపు, లోపలికి పద.”

“ఇంకా ఇరవై మూడు రోజులు చూద్దామనుకున్నా...”

“నీ గడువు సంగతి దానికి తెలుసా?”

తడిమి చూసి, పెద్దాసుపత్రికి చీటీ రాసింది. బయటికొచ్చాక తోడు ఎవరొస్తారని అడిగితే, కసియెమ్ బుట్ట దగ్గర కూర్చుని గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. పక్కనే తాగుతున్న నేను, వస్తానన్నాను.

ఆసుపత్రి కాగితంలో నేనేమవుతానో రాయాలన్నారు.

“రాయమ్మా,” అంది గుమస్తాతో, “రోజూ నా దగ్గర కచ్చోరాల రసం తాగే పిల్ల.”

రొమ్ము క్యాన్సరే. ముడి వల్ల రాలేదని, ముడి వల్ల అనుకోవడమే ప్రమాదమని డాక్టరు చెప్పారు. గడ్డ చిన్నగా ఉండగానే చూపించుకుంది కాబట్టి ఇంకా ఎక్కడికీ పాకలేదన్నారు. కోసి తీసేశారు. బరువులు మాత్రం ఇక ఎత్తకూడదన్నారు.

ఇంటికొచ్చిన వారానికి, క్యాలెండర్ వెనక రాసుకున్న ఆ నలుగురి నంబర్లు నాకు చూపించింది. నా ఫోన్ స్పీకర్లో పెట్టించి ఒక్కొక్కరితో మాట్లాడింది.

“కసియెమ్‌ని. ముడి కింద తడిమి చూసుకోండే. నొప్పి లేకపోయినా సరే, చూపించుకోండి.”

“బతికే ఉన్నావటే ముసలీ!” అంది ఒకామె. చాలాసేపు ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరి నంబరు పాయినాది. కోడలు ఎత్తింది.

“అత్తయ్య నిరుడే పోయిందండీ. ఛాతీలో గడ్డ. బుట్ట మోసిన కాయేలే అంటూ ఉండేది, పుండయ్యేదాకా.”

“ఏ వైపు?”

“ఎడమ.”

కసియెమ్ ఫోన్ నా చేతిలో పెట్టింది.

“పాయినాకి రోజూ ముడి వేసింది నేనే,” అంది.

“ముడి వల్ల రాదని డాక్టరు చెప్పారు కదా యూ.”

“తెలుసు,” అంది, మసి గోడ వైపు చూస్తూ. “ఇక్కడే ఉండుంటే, నా చేతికి తగిలేది.”