కోర్టు కాగితానికి నేను చెప్పిన అర్థం

ఎనభైల నడుమ నేను గుంటూరులో బి.ఏ. రెండో ఏడు చదువుతుండేదాన్ని. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన ఏకైక మేధావిని. నాన్నకు ఆ నమ్మకం నాకంటే ఎక్కువ. పురుగుమందు డబ్బా మీద రాతలు చదవమని పొలానికి పిలిపించేవాడు. గట్టిగా చదివేదాన్ని. పురుగులు లెక్కచేసేవి కావు, అది వేరే సంగతి.

ఆ ఏడు బాబాయికీ నాన్నకూ దారి గొడవ వచ్చింది. మా మిరప చేలోంచి, కాయలు ఎండబోసే కళ్లానికి బండి పోవాలంటే బాబాయి పొలం పక్కనున్న డొంక దారే దిక్కు. ఆయన దానికి అడ్డంగా తుమ్మకంప వేశాడు. నాన్న వకీలును పట్టుకుని కోర్టుకెక్కాడు. కోతలు మొదలయ్యాక ఓ పొద్దున ఆర్డరు కాపీ పోస్టులో వచ్చింది. అంతా ఇంగ్లీషు. పరీక్షల ముందు సెలవులని నేను ఇంట్లోనే ఉన్నాను. ఇక వకీలుతో పనేముంది?

అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఒకే వాక్యం, అర పేజీ పొడవు. అందులో రిస్ట్రెయిన్, అబ్‌స్ట్రక్ట్, హిండర్, ప్రివెంట్ అని నాలుగు మాటలు. డిక్షనరీ తీస్తే నాలుగింటికీ అడ్డగించు, ఆటంకపరచు, ఆపు, నిరోధించు అనే ఉంది. మనుషుల్ని ఆపడమంటే ఇంగ్లీషువాళ్లకు ఇంత మోజేమిటో అనుకున్నాను. చివర్లో ప్రివెంట్ పక్కనే పిటిషనర్ అని ఉంది. పిటిషనర్ అంటే నాన్న. ఇంకేం, తేలిపోయింది.

“నాన్నా, కోర్టు మనల్ని డొంకలో కాలు పెట్టొద్దంది. ఒకసారి కాదు, నాలుగు రకాలుగా చెప్పింది.”

“మనం వేసిన కేసులో మనకే అడ్డమా?”

“ఇక్కడ అట్టాగే రాసుంది.”

నాన్న నమ్మేశాడు. చదువుకున్న కూతురు చెప్పింది కదా. బాబాయికీ ఓ కాపీ అందింది గానీ, వాళ్లింట్లో చదివేవాళ్లు లేరు. గోడవతల నుంచి నా తీర్పు విని, మధ్యాహ్నానికి ఇంకో బండెడు కంప తెచ్చి వేశాడు.

నాలుగు రోజులు నాన్నా, నేనూ, కూలివాళ్లూ గంపలు నెత్తిన పెట్టుకుని కాలవ కట్ట చుట్టూ తిరిగి కాయలు మోశాం. నా మెడ పట్టేసింది. అయినా ఘాటుకు తుమ్ముతూ, కోర్టు ఆజ్ఞలోని లోతుపాతులు కూలివాళ్లకు వివరిస్తూనే ఉన్నాను.

ఐదో రోజు, మిషను బడిలో నాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ పచ్చడికి పండుమిరపకాయల కోసం వచ్చారు. గంపలు చూసి సంగతేమిటని అడిగారు. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు సవరించుకుని చదివారు.

“కోర్టు ఆపింది ఎవర్ని, అమ్మాయ్?”

“నాన్నని అండీ.”

“సరిగ్గా చూడు. రిస్ట్రెయిన్ చేసింది రెస్పాండెంటుని. ఆయనెవరు?”

“బాబాయి.”

“మీ నాన్నకి అడ్డం పడొద్దని ఆయన్ని ఆపారు. మిగతా మూడు మాటలూ ఆయన చెయ్యకూడని పనులు. మీరు గెలిచారమ్మా.”

నాన్న గంప దించి నా వంక చూశాడు. తిట్టినా బాగుండేది. “పోన్లే తల్లీ, అందరం కలిసే మోశాంగా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

టీచరమ్మను తోడు తీసుకుని బాబాయి ఇంటికి వెళ్లాను.

“మొన్న నువ్వేగా మీకే అడ్డమని చదివావు? నాలుగు రోజులకే ఇంగ్లీషు మారిపోయిందా?” అని అరిచాడాయన.

“ఇంగ్లీషు మారలేదు బాబాయ్. నాకే రాదు.”

ఆ మాట అనడం కంటే ఆ కంప మీద నడవడం సుఖం. టీచరమ్మ ఆయన కాపీనే తెప్పించి, ఒక్కో మాటకూ తెలుగు చెప్పారు. బాబాయి గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. పిన్ని మాత్రం కొడవలి తీసుకుని లేచింది.

“ఇంకా ఆలోచనేంటయ్యా? ఆ కంప దెబ్బకి నేను కూడా గడ్డిమోపు ఎత్తుకుని చుట్టూ తిరిగొస్తున్నా. పొయ్యిలోకైనా పనికొస్తది.”

సాయంత్రానికి డొంక ఖాళీ అయింది.

మర్నాడు మా బండి వెళ్తుంటే బాబాయి గట్టు మీద నిలబడి ఉన్నాడు. “కాయ రంగు బాగా తిరిగిందే, అన్నయ్యా” అన్నాడు. ఏడాదిలో అదే మొదటి మాట. నాన్న ఎద్దుల్ని నిలబెట్టాడు. ఇద్దరూ మిరప తెగుళ్ల గురించి మాట్లాడుకుంటుంటే, ఏ మందు డబ్బానో చదవమని నన్ను అడక్కముందే బండి దిగి కళ్లం వైపు నడిచాను.